ఎర్రజెండాకి ఆగని రోడ్డు

తిరువళ్ళూరు స్టేషన్‌లో రైలు దిగేసరికి వాన పడుతోంది. డెబ్బైల చివర, అక్టోబరు నెల. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో ఇనుప ట్రంకు, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్న మూవ్‌మెంట్ ఆర్డరు. అంతకుముందు మూడేళ్ళు ఉత్తరాన మంచుకొండల రోడ్డు మీద కాపలా కాశాను. ఇప్పుడు మా ఊరికి బస్సులో గంట దూరంలో పోస్టింగు. అమ్మ తన మొక్కు ఫలించిందంది. బావ అయితే, "ఇంగేమప్పా, పెన్షను ఇప్పుడే వచ్చేసినట్టు," అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు పక్కన చేరి, "మామా, నువ్వు యుద్ధం చూసినావా?" అని అడుగుతారు. చూశాను, తిరుత్తణి రోడ్డు మీద, అంటాను. నవ్వుతారు. వాళ్ళు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఈసారి మొదటి నుంచీ చెబుతున్నాను.

క్యాంపు ఊరి బయట మూతబడ్డ రైస్‌మిల్లులో. గోడలకి తవుడు వాసన, పైన రేకుల కప్పు. మేము ఎనిమిదిమందిమి, రెండు జీపులు, రెండు వైర్‌లెస్ సెట్లు. మా సుబేదార్ సాబ్ గఢ్వాల్ కొండల మనిషి. ఆయన మర్నాడు పొద్దున మిల్లు కళ్ళంలో నిలబెట్టి చెప్పిన ఆర్డరు ఇంతే: మద్రాసు రేవులో దిగిన పెద్ద యంత్రాల భాగాలు ఒక్కొక్కటిగా ట్రైలరు మీద వస్తాయి. తిరువళ్ళూరు దగ్గర మనం అందుకోవాలి. తిరుత్తణి దాటించి అవతలి దళానికి అప్పగించాలి. నాకు తెలుగూ తమిళమూ వచ్చు కాబట్టి ముందు జీపు, ఎర్రజెండా నాకు.

మొదటి ట్రైలరు చూసినప్పుడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. దాని మీద ఇనుప దిమ్మ ఒకటి, టార్పాలిను కప్పి గొలుసులతో కట్టి ఉంది. అరవై టన్నులు. వెడల్పు చూస్తే, తారురోడ్డుకి రెండువైపులా కలిపి ఒక మూర మిగిలింది. నడిచే మనిషికంటే కాస్త వేగంగా పోతుంది, అంతే. దాని డ్రైవరు సివిలియను. పేరు ఏకాంబరం. కవరైపేట్టై పక్కన పల్లె, మా తెలుగువాడే, యాభై దాటిన మనిషి. మొదటిరోజే మామ అని పిలిచాను.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి, ఆ బండి రోడ్డు నడిమధ్యనే ఎందుకు పోవాలో. "ఓరం పొయ్యేదానికి లేదప్పా. వానకి అంచు మట్టి నానిపోయి ఉండాది. చక్రం దిగిందంటే లేచేది లేదు. సడన్‌గా నిలిపేదానికీ లేదు, ఎనక్కి పొయ్యేదానికీ లేదు. వాళ్ళు నిలబడాల, మనం పోవాల." ఇంతే. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే విషయం.

కానీ ఆ రోడ్డు మీద ఎవరికీ అర్థం కాలేదు. మంచుకొండల్లో ఎక్కే బండికి దిగే బండి ఆగుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. కిందికి చూస్తే లోయ కనబడుతుంది, బుద్ధి దానంతటదే వస్తుంది. ఇక్కడ చుట్టూ వేరుశనగ చేలు, చింతచెట్లు, చల్లటి గాలి. నేను జీపులో నిలబడి జెండా ఊపుతుంటే లారీలవాళ్ళు అదేదో వాళ్ళ పెళ్ళి ఊరేగింపు అన్నట్టు చేతులూపుతూ పోయేవాళ్ళు. బస్సులు హారన్ మీద చెయ్యి తీయకుండా దూరేవి. ఒకాయన అంబాసిడర్ కారు దిగి, "రోడ్డు మీ అబ్బ సొత్తా? మిలిట్రీ అయితే ఏంది?" అని నన్నే నిలదీశాడు. సైకిలు మీద పోయేవాడు సరిగ్గా ట్రైలరు ముందర దిగి బీడీ ముట్టించుకున్నాడు. మా సిపాయి రాజస్థాన్ కుర్రాడు, రక్తం వేడి. "సాబ్, గాలిలోకి ఒక్క రౌండు కాల్చనా?" అన్నాడు. "మన జనం మీదా? నోరు మూసుకుని జెండా ఊపు," అన్నాడు సుబేదార్ సాబ్.

ఏకాంబరం మామకి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఆగి దారి ఇస్తే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, నుదుటికి ఆనించి దండం పెట్టేవాడు. ఎద్దులబండివాడైనా సరే, కలెక్టరు కారైనా సరే. ఆ చెయ్యి బయటికి రావడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

ఇక ఆరోజు సంగతి. దీపావళికి ఇంకా వారం ఉంది. మూడురోజుల ముసురు తర్వాత ఎండ వచ్చింది. తెల్లవారగానే కదిలాం. ఎనిమిది గంటలకి తిరుత్తణి ఇంకా అయిదారు మైళ్ళుందనగా ఒక కల్వర్టు దాటాం. దాని తర్వాత రోడ్డు మిట్ట ఎక్కుతుంది. ఎడమపక్క ఏటికి పోయే కాలువ, నిండుగా పారుతోంది. కుడిపక్క చింతచెట్ల వరస. ఎదురుగా, మిట్ట పైనుంచి ప్రైవేటు బస్సు దిగుతోంది.

నేను జీపు నుంచి దూకి రోడ్డు మధ్యలో నిలబడి జెండా రెండుచేతులా ఊపాను. బస్సు లైట్లు వేసింది. లైట్లు వేస్తే ఇక్కడ అర్థం, నేను వస్తున్నా నువ్వు తప్పుకో అని. నేను కదల్లేదు. ఆఖరి క్షణంలో సిపాయి నన్ను చొక్కా పట్టి లాగాడు. బస్సు మా జీపు పక్కనుంచి దూరి నేరుగా ట్రైలరు మీదికి పోయింది. మామకి రెండే దారులు. గుద్దడం, లేదా ఎడమకి తిప్పడం. బస్సులో యాభైమంది జనం. ఆయన తిప్పాడు.

బస్సు సందులోంచి జారిపోయింది. కండక్టరు విజిలు వేస్తూనే ఉన్నాడు. ట్రైలరు ఎడమ చక్రాలు అంచు మట్టిలోకి దిగాయి. ముందు మెల్లగా, తర్వాత గబుక్కున. ఇనుప దిమ్మ కాలువవైపు ఒరిగింది. గొలుసులు కిర్రుమన్నాయి. ఆ కుదుపుకి హ్యాండ్‌బ్రేకు తీగ తెగిపోయింది. ఇక బండిని పట్టుకుని ఉన్నది ఒక్కటే, బ్రేకు మీద మామ కుడికాలు.

మా వాళ్ళిద్దరు వెనక చక్రాల కిందికి చెక్కలు దూర్చారు. చెక్కలు బురదలో దిగిపోయాయి. మళ్ళీ తవ్వి మళ్ళీ పెట్టారు. సుబేదార్ సాబ్ నాతో, "డ్రైవరుని దూకెయ్యమను. బండి పోతే పోయింది," అన్నాడు. నేను మెట్టెక్కి చెప్పాను.

మామ ముందుకే చూస్తూ అన్నాడు, "నేను దూకితే బండి ఎనక్కి పోతాది. చక్రాల కాడ మీ పిలకాయలు ఇద్దరు ఉండారు కదప్పా."

"వాళ్ళని బయటికి రమ్మంటాను మామా."

"వాళ్ళు చెక్క వదిల్తే నేను దూకేదానికి కూడా టైము ఉండదు. పోయి తాడు కట్టండి. సీక్రం."

తాడు అంటే ఉక్కు తాడు. దాన్ని ట్రైలరు నుంచి రోడ్డుకి అడ్డంగా లాగి కుడిపక్క చింతమానుకి కట్టాలి. తర్వాత క్రేను వచ్చి దిమ్మని ఎత్తి పట్టాలి. అప్పుడే మామ కాలు తీయగలడు. వెనక జీపులో వైర్‌లెస్ ఆపరేటరుని క్రేను కోసం తిరుత్తణికి పంపాం. మిగిలిన జీపుని రోడ్డుకి అడ్డం పెట్టాం. ఇక తాడు కట్టడం ఎంతసేపు అనుకున్నాం.

తాడు రోడ్డు మీద పరిచామో లేదో ఒక లారీ జీపుని చుట్టి, చింతచెట్ల మధ్యనుంచి దూరి వచ్చి దాని మీదుగా పోయింది. కొక్కెం లాక్కుపోయింది. సిపాయి వెంటపడి తెచ్చాడు. మళ్ళీ పరిచాం. ఈసారి కింది నుంచి రెండు లారీలు, వాటి వెనక మోటారు సైకిలు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను, ఇది అతిశయోక్తి కాదు. "అన్నా, లోపల మనిషి ఉన్నాడు, కాలు తీస్తే చచ్చిపోతాడు, కాస్త ఆగండి," అని తమిళంలో, తెలుగులో అరిచాను. ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి, "నేనొక్కణ్ణి పోతే ఏమైతాది సార్? నా ఎనకాల వాళ్ళని నిలుపుకో," అన్నాడు. వాడి వెనకవాడూ అదేమాట అన్నాడు. ఒక్కో బండి పోయినప్పుడల్లా రోడ్డు అదిరి ట్రైలరు ఇంకో వేలెడు ఒరిగేది. లోపల మామ మోకాలు వణకడం మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు.

తుపాకీ చేతిలో పెట్టుకుని, ఒంటిమీద యూనిఫారంతో, సొంత జిల్లాలో, సొంత భాషలో బతిమాలినా ఒక్కడూ ఆగని ఆ అరగంట నా సర్వీసులో అన్నిటికంటే నీచమైన అరగంట.

అప్పుడు తలెత్తి మిట్ట మీదికి చూశాను. అక్కడ కుడిపక్క నేతగాళ్ళ పల్లె ఉంది. నాలుగు వీధులు. మూడురోజుల తర్వాత ఎండ రావడంతో వీధి పొడుగునా పడుగులు, అంటే మగ్గం మీదికెక్కే నిలువు పోగులు, సాచి ఉన్నారు. ఎర్రవి రెండు, పచ్చది ఒకటి. గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతూ అటూ ఇటూ నడుస్తున్నారు. ఒక ముసలాయన సైకిలు దిగి, దాన్ని భుజానికెత్తుకుని, పడుగు పక్కనుంచి గోడకి ఆనుకుని పోతున్నాడు.

మీలో నేతవాళ్ళు కానివాళ్ళకి చెప్పాలి. మా వైపు సాచిన పడుగుని ఎవరూ దాటరు. పడుగు అంటే ఒక ఇంటిల్లిపాది నెల పని. వీధిలో అది ఉంటే పెళ్ళి ఊరేగింపైనా పక్కవీధిలోంచి పోతుంది. నా చిన్నప్పుడు శవాన్ని మోసుకెళ్ళేవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోయారు. మాదీ నేత ఇల్లే. గంజి వాసన నాకు అమ్మ పాల తర్వాతి వాసన.

పరిగెత్తాను. ఎర్ర పడుగు దగ్గర నడివయసు ఆడమనిషి, ఆమె మొగుడు కుంచె పట్టుకుని ఉన్నారు. ఆమె పేరు కనకమ్మ అని తర్వాత తెలిసింది.

"అక్కా, నాది పొదటూరుపేట. నేతోళ్ళ పిల్లోణ్ణి. ఆ బండి కాడ ఒకాయన బ్రేకు తొక్కుకోని కూర్చుని ఉండాడు. రోడ్డు నిలిస్తేగానీ తాడు కట్టేదానికి లేదు. నా జెండాకి ఒక్కడూ నిలబడలేదు. మీ పడుగులు తెచ్చి రోడ్డు మీద సాచండక్కా."

ఆమె మొగుడు కుంచె విసిరికొట్టాడు. "పైత్యమా నీకు? ఇప్పుడే గంజి పెట్టినాం. ఈ తడి పదం తప్పిందంటే పోగులు కరుసుకుంటాయి. దీపావళి చీరలప్పా ఇవి. లారీ ఒగటి ఎక్కిందంటే మా గతేంది?"

ఆయన తప్పేమీ లేదు. నేనైనా అదే అనేవాణ్ణి.

కనకమ్మ నన్ను కాదు, మిట్ట కిందికి చూస్తోంది. "ఆయన లోపలే ఉండాడా?"

"ఉండాడక్కా. కాలు తీసేదానికి లేదు."

"ఎంతసేపు అయ్యింది?"

"గంట దాటింది."

ఆమె కొంగు బొడ్లో దోపింది. "ఎత్తండి," అంది వీధి మొత్తానికి వినబడేలా. మొగుడు గొణుగుతూనే ముందు కొస దగ్గరికి పోయాడు.

పన్నెండుమంది వచ్చారు. తడి పడుగు సడలకూడదు, నేలకి తగలకూడదు. వెదురు కొయ్యలతో సహా ఎత్తి, అందరూ ఒకే అడుగు వేస్తూ, రెండుకొసలా లాగి పట్టుకుని నడిచారు. ఒక ఎర్రది మిట్ట పైన, ఇంకో ఎర్రది కల్వర్టు అవతల. రోడ్డు ఈ అంచు నుంచి చింతచెట్ల అవతలిదాకా ఏటవాలుగా సాచారు. కొయ్యలు నిలబెట్టి, రాళ్ళు పెట్టి బిగించారు. తర్వాత ఏమీ జరగనట్టు కుంచెలు తీసుకుని దువ్వడం మొదలుపెట్టారు.

మొదటి లారీ మిట్ట పైనుంచి వచ్చింది. దూరం నుంచే వేగం తగ్గింది. ఆగింది. ఇంజను ఆపేశాడు! డ్రైవరు దిగి, లుంగీ సర్దుకుని, "అక్కా, ఎంతసేపు పడతాది?" అని అడిగాడు, గొంతు తగ్గించి. ఆమె, "అయ్యేదాకా," అంది. వాడు చెట్టుకింద కూర్చున్నాడు. తర్వాత బస్సు ఆగింది, కారు ఆగింది, ఇంకో లారీ ఆగింది. హారన్ కొట్టినవాణ్ణి ముందువాళ్ళే తిట్టారు. ఎర్రజెండాకి ఆగని రోడ్డు ఎర్రనూలుకి ఆగింది. మాకు సంతోషం వేయాలి. వేయలేదు. నూలు విలువ తెలిసినవాళ్ళకి మనిషి విలువ తెలియకపోవడం ఏమిటని కడుపు మండింది.

ఆ మంటతోనే తాడు లాగాం. చింతమానుకి రెండు చుట్లు చుట్టాం. ట్రైలరు ఒరగడం ఆగింది. మామ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నుదుటికి ఆనించాడు. కనకమ్మ చూసిందో లేదో నాకు తెలియదు, ఆమె కుంచె ఆపలేదు.

కానీ తాడు ఒక్కటే చాలదు. క్రేను రావాలి. వైర్‌లెస్ పలికింది.

"ముందు జీపు, వెనక జీపు మాట్లాడుతున్నాను. క్రేను దొరికింది. మిట్టకి ఫర్లాంగు దూరంలో ఉన్నాం. దారి లేదు. ఆగిన బండ్లన్నీ రోడ్డు మొత్తం నింపేశాయి. ఒక్కడూ జరగడం లేదు. ఓవర్."

ఆగడం నేర్చుకున్నారు, ఒకడి వెనక ఒకడు ఆగడం నేర్చుకోలేదు. మూడేసి బండ్లు పక్కపక్కన నిలబెట్టారు. సుబేదార్ సాబ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఆయన అలా చేయడం అదొక్కసారే చూశాను.

అప్పుడే కింది పడుగు దగ్గర పొద్దుటి బస్సు కనబడింది. తిరువళ్ళూరు పోయి తిరిగి వస్తోంది. డ్రైవరు దిగి పడుగు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను పోయి కాలరు పట్టుకున్నాను.

"పొద్దున నా జెండా కనబళ్ళేదా నీకు?"

"కనబడింది సార్. జెండా ఎవురైనా ఊపుతారు. టైముకి పోకుంటే ముతలాళి సీటు చించేస్తాడు," అన్నాడు, ముతలాళి అంటే వాడి బస్సు యజమాని.

"మరి ఇప్పుడు టైము లేదా?"

"నూలు సార్ ఇది," అన్నాడు, నాకేదో తెలియనట్టు. "దీనిమీద బండి ఎక్కిస్తే రేపట్నించి ఈ రూట్లో నేను స్టీరింగు పట్టేదానికి లేదు. నా బస్సులో సగం మంది వీళ్ళే."

వాణ్ణి ఈడ్చుకుంటూ ట్రైలరు మెట్టు దగ్గరికి తీసుకుపోయాను. చూడు, అన్నాను. వాడు లోపలికి చూశాడు. మామ ముఖం చెమటతో తడిసి ఉంది. తొడ మొత్తం గజగజలాడుతోంది. రెండు చేతులతో మోకాలిని కిందికి అదిమి పట్టుకుని ఉన్నాడు. వాడూ డ్రైవరే. ఆ కాలు ఎంతసేపటినుంచి అలా ఉందో వాడికి చెప్పక్కర్లేదు. మామే, "మంచినీళ్ళు ఉండాయా తంబీ?" అన్నాడు.

వాడు పరిగెత్తి బస్సులోంచి చెంబు తెచ్చి, మెట్టుమీద నిలబడి తాగించాడు. దిగాక నాతో, "క్రేను యాడ ఉండాది?" అన్నాడు. చెప్పాను. చొక్కా చేతులు మడిచి మిట్ట ఎక్కాడు. ఆ తర్వాత వాడు తమిళంలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. లారీల తలుపులు గుద్దాడు, ఒకడి స్టీరింగు తానే లాక్కుని బండిని వెనక్కి తీశాడు, "ఓరం కట్టు! ఓరం కట్టు!" అని గొంతు పోయేలా అరిచాడు. నా జెండాకి కదలనివాళ్ళు వాడి నోటికి కదిలారు. క్రేను వచ్చింది. కనకమ్మవాళ్ళు పడుగుని ఒక్కసారి పక్కకి ఎత్తి పట్టుకుంటే దాని పక్కనుంచి లోపలికి పోయింది.

మధ్యాహ్నం రెండు గంటలు దాటాక దిమ్మ బరువు క్రేను మీదికి వచ్చింది. చక్రాలకింద క్రేనువాళ్ళు తెచ్చిన రైలు పట్టాల దుంగలు పడ్డాయి. మా ఇద్దరు కుర్రాళ్ళు బురదలోంచి బయటికి వచ్చారు. సుబేదార్ సాబ్ చెయ్యెత్తాడు. నేను మెట్టెక్కి, "అయిపోయింది మామా, కాలు తియ్యి," అన్నాను.

మామ, "రాలేదప్పా," అన్నాడు.

నేనూ సిపాయీ చేతులతో ఆ కాలిని పట్టి ఎత్తాం. ఆయన్ని మోసుకొచ్చి చింతచెట్టు కింద టార్పాలిను మీద పడుకోబెట్టాం.

నేతవాళ్ళు పడుగులు ఎత్తుకుని పోయారు. మధ్యాహ్నపు ఎండకి గంజి బిగిసి, దుమ్ము పడి, పోగులు అక్కడక్కడ కరుచుకుపోయాయి. కుంచె ఎంత దువ్వినా విడిపోలేదు. అవి మగ్గం మీద తెగుతూనే ఉంటాయని నాకు తెలుసు. కనకమ్మ మొగుడు వాటిని వేళ్ళతో విడదీయబోయి వదిలేశాడు. సుబేదార్ సాబ్ ఆమెకి సెల్యూట్ చేసి, మేము ఏం చేయగలమో అడగమన్నాడు. అడిగాను.

"మనిషి దిగినాడు కదా, చాలు," అంది. మళ్ళీ, "ఇంగోసారి ఆ పెద్ద బండి వచ్చేటప్పుడు మా ఊరి ముందర కొంజం మెల్లిగా పోండి. మగ్గాలు అదుర్తాయి, పోగులు తెగుతాయి," అంది. అన్నాళ్ళూ మేము ఆ ఊరి ముందునుంచి ఎలా పోయామో ఒక్కసారైనా ఆలోచించామా? ఆ తర్వాత అక్కడికి రాగానే సుబేదార్ సాబ్ జీపు దిగి, ఊరు దాటేదాకా ట్రైలరు ముందర నడిచేవాడు.

రోడ్డు మారిందనుకుంటున్నారా? వారం తిరగకముందే ఇంకో దిమ్మ తీసుకుపోతుంటే అదే బస్సు ఎదురైంది. జెండా ఊపాను. లైట్లు వేశాడు. దూరిపోయాడు. పోతూ పోతూ నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ చెయ్యి కూడా ఊపాడు.

మార్చిలో ఆ డ్యూటీ ముగిసింది. సెలవు మీద ఇంటికి వచ్చాను. అమ్మ అన్నం పెడుతూ, ఇంటి పక్కనే కదా, సుఖంగా ఉన్నావా అని అడిగింది. ఉన్నానన్నాను. ఏకాంబరం మామ మళ్ళీ స్టీరింగు పట్టలేదని అప్పటికే విన్నాను.

మొన్న మా అబ్బాయి కారులో అదే రోడ్డున పోతున్నాం. ఇప్పుడు వెడల్పు చేశారు. ముందర గాలిమర రెక్క ఒకటి మోసుకుని పొడుగాటి ట్రైలరు నడిమధ్యన పోతోంది. వాడు హారన్ మీద చెయ్యి పెట్టాడు. "చూడు నాయనా, వాడు దోవ ఇయ్యలేదు," అన్నాడు. నేను వాడి చెయ్యి తీసేశాను.

వాడు ఎందుకని అడిగాడు. నాకు కనబడుతున్నది ఆ ట్రైలరు కాదు. చింతచెట్టు కింద, టార్పాలిను మీద, వెల్లకిలా పడుకున్న మనిషి. చెప్పు లేని కుడికాలు. బండి నిలిచింది, తాడు బిగిసింది, కిందనున్న కుర్రాళ్ళు బయటపడ్డారు, అన్నీ ఆయనకి తెలుసు. అయినా ఆ పాదం ఖాళీ గాలిని తొక్కుతూనే ఉంది. మామ దాన్ని చూసి, నన్ను చూసి, "నిలిపెయ్యమని చెప్పప్పా. నా మాట ఇనలేదు అది," అన్నాడు.

నేను రెండు చేతులతో పట్టుకున్నాను. నా చేతుల్లో కూడా అది తొక్కుతూనే ఉంది.